సేవా సంతకు వచ్చిన పెనం

నేను ఒక ఇనప పెనాన్ని. అట్లు పోసే పెనాన్ని. నా మీద ఎవరూ జాలి పడనక్కర్లేదని ముందే చెప్పేస్తున్నాను. జాలిపడేవాళ్ళ చేతిలో పడితే ఏమవుతుందో చెప్పడానికే ఈ కథ ఎత్తుకున్నాను. ఏళ్ళ తరబడి నిప్పు మీద కూర్చున్నాను, నిప్పు నన్నేమీ చేయలేదు. నన్ను పాడు చేసింది సేవ.

ఆత్మకథ అన్నాక పుట్టుక చెప్పుకోవాలి కాబట్టి అది కూడా చెబుతాను. కాకినాడలో పాత ఇనుము అమ్మే ఒక దొడ్డిలో, విప్పేసిన ఓడ తాలూకు మందపాటి పలక నుంచి నన్ను గుండ్రంగా కోశారు. కోసినవాడు పక్కవాడితో సినిమా గురించి వాదిస్తూ కోశాడు. అందుకే ఒకవైపు నా అంచు వంకర. నన్ను ఒంటరిగా ఎత్తాలంటే మగవాళ్ళకు కూడా నడుము పట్టేస్తుంది. సముద్రం మీద తిరగాల్సినదాన్ని పొయ్యి మీదకు వచ్చానే అన్న చింత నాకెప్పుడూ లేదు. ఓడకు ఉండిపోతే తుప్పు పట్టి చచ్చేదాన్ని.

నా మొదటి యజమాని జగన్నాథపురంలో హోటలు నడిపేవాడు. గల్లాపెట్టె మీద అన్నపూర్ణాదేవి పటం పెట్టుకుని, సాంబారు రెండోసారి అడిగినవాడిని దొంగను చూసినట్టు చూసేవాడు. నా మీద నూనె చుక్క వేయడానికి ఆయన ప్రాణం విలవిల్లాడేది. ఆయన పోయించే అట్టులోంచి కింద పళ్ళెం మీది పువ్వులు కనిపించేవి. అలాంటి హోటలు మూతపడితే ఊరంతా నోరు చప్పరించి, ఎంత మంచి హోటలో అన్నారు. మూతపడ్డవాటిని మెచ్చుకోవడం మనుషులకు సరదా. సామాను అమ్మేస్తున్న రోజున, అక్కడ పిండి రుబ్బే నూకరత్నం నన్ను కొనుక్కుని తోపుడుబండి మీద పెట్టుకుంది.

నూకరత్నం దేవత అని నేను అనను. ఆవిడ నోరు వీధి చివరిదాకా వినిపిస్తుంది. మొగుడు లారీ మీద వెళ్ళి ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టుకుంటే, ఆ కోపం చాలాకాలం నా మీదే చూపించింది. అట్లకాడతో టకటకా కొట్టేది. అయినా పని తెలిసిన మనిషి. పాత బస్టాండు ఎదురుగా, మందుల షాపు మెట్ల పక్కన ఆవిడ చోటు. పొద్దున్నే అక్కడ చేరే జనాన్ని చూస్తే నాకు వెగటు. ఉల్లిపాయ వద్దంటారు, పోశాక ఎందుకు వేయలేదంటారు. అల్లం పచ్చడి ఇంకాస్త, ఇంకాస్త అంటూ అట్టు అయిపోయాక కూడా ఆకు నాకుతూ నిలబడతారు. అలాంటి వాళ్ళ కోసం ఏళ్ళ తరబడి కాలాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇది అర్థం కాకపోతే నా గోడు అర్థం కాదు. పెనానికి విలువ ఇనుములో లేదు. రోజూ పడే నూనె, పిండి, సెగ కలిసి పైన నల్లగా ఒక నునుపు కడుతుంది. అది కట్టడానికి నెలలు పడుతుంది, బాగా కట్టడానికి ఏళ్ళు. అది ఉంటే అట్టు అంచు తగిలితే చాలు, లేచి వస్తుంది. లేకపోతే పిండి ఇనుమును కరుచుకుని చిరిగిపోతుంది. అందుకే నూకరత్నం నాకు సబ్బు తగలనిచ్చేది కాదు. పక్కింటామె చపాతీలు కాల్చుకుంటానని అడిగితే మొహం మీదే లేదంది. ఆవిడకు పొలం లేదు, ఇల్లు లేదు, బంగారం లేదు. నా మీది నలుపే ఆవిడ ఆస్తి.

ఒకరోజు గ్యాసు బండ అంటుకుని ఆ వరసలో బండ్లన్నీ తగలబడిపోయాయి. మనుషులు బతికారు. అల్యూమినియం గిన్నెలు కరిగి ముద్దలైపోయాయి. నేను మాత్రం బూడిదలో ఉన్నదాన్ని ఉన్నట్టే ఉన్నాను. అక్కడే వదిలేస్తే పాత ఇనుమువాళ్ళు ఎత్తుకుపోతారని నూకరత్నం తమ్ముడు సత్తిబాబు నన్ను ఆటోలో వేసుకెళ్ళి, తను వాచ్‌మన్‌గా ఉన్న అపార్టుమెంటులో జనరేటర్ గదిలో పెట్టాడు. అద్దెకు ఇంకో బండి దొరికేదాకా అక్కడే ఉంచమని ఆవిడ చెప్పింది.

ఆ గది ముందు, కార్లు నిలిపే చోట అపార్టుమెంటు మహిళా సంఘం సమావేశాలు జరుగుతాయి. అదీ నా ఖర్మ. బండ్లు కాలిపోయిన వార్త పేపర్లో చదివి వాళ్ళ మనసులు కరిగాయి. వాళ్ళ మనసు కరిగితే వెంటనే మీటింగు పెడతారు, బజ్జీలు తెప్పిస్తారు. బాధితుల కోసం ఒక సేవా సంత జరపాలని తీర్మానించారు. అంటే ఇంటింటా వస్తువులు పోగుచేసి, వాటిని అమ్మి, వచ్చినదాన్ని బండ్లవాళ్ళకు ఇవ్వడం. మొదటి మీటింగంతా సభ్యులు ఏ రంగు చీరలు కట్టుకోవాలన్న దానితో సరిపోయింది. తర్వాతి మీటింగులో ముఖ్య అతిథి ఎవరన్న దాని మీద ఇద్దరు అలిగి పైకి వెళ్ళిపోయారు. మూడో మీటింగులో సంతకు భోజనం పెట్టాలా, టిఫినుతో సరిపెట్టాలా అని తగువు. ఇన్ని మాటల్లో, ఆ బండ్లవాళ్ళకు ఏం కావాలో ఒకసారి అడుగుదామని ఒక్కరూ అనలేదు. అడిగితే తెలిసిపోతుంది, తెలిస్తే అదే ఇవ్వాల్సి వస్తుంది కదా.

సంఘం అధ్యక్షురాలు ఇందుమతిగారు. రిటైరైన ఇంజనీరు భార్య. ఆవిడ బొమ్మలు వేస్తారు, ఆ బొమ్మలు ఆ అపార్టుమెంటులో ప్రతి ఇంట్లోనూ తప్పించుకోలేనంతగా వేలాడుతుంటాయి. కార్యదర్శి కామేశ్వరిగారు. ఆవిడకు ఏ రోజు ఏది చేయకూడదో కంఠతా వచ్చు. చేయవలసింది ఏదైనా ఉందా అన్నది మాత్రం నేను ఎప్పుడూ వినలేదు.

ఇక దానాలు రావడం మొదలైంది. అన్నీ నా పక్కనే తెచ్చి పడేసేవారు. గృహప్రవేశాల్లో వచ్చిన నడవని గోడ గడియారాలు. చేతులు మారి మారి మడతలు కూడా అరిగిపోయిన జాకెట్టు గుడ్డలు. జారు ఉండి మోటారు లేని మిక్సీ. ఒళ్ళు తగ్గడానికి కొని, బట్టలారేసుకున్న సైకిలు. దానం పేరుతో మనిషి తన ఇల్లు ఊడ్చుకుంటాడని అప్పుడు తెలిసింది. ఆ చెత్త మధ్య కొంచెమైనా పనికొచ్చే వస్తువు నేనొక్కదాన్నే కాబట్టి, వాళ్ళ కన్ను నా మీద పడింది.

"ఎవరిచ్చారో గానీ ఇది చాలా పాతకాలంది" అన్నారు ఇందుమతిగారు, కాలి బొటనవేలితో నన్ను తట్టి.

కామేశ్వరిగారు రెండడుగులు వెనక్కి వేశారు. "ఇనుమండీ అది. సంతేమో శనివారం. శనివారం పూట ఇనుము కొనేవాళ్ళెవరు? పైగా దానంగా వచ్చింది. ఇనుము దానం పడితే శనిని ఇంటికి తెచ్చుకున్నట్టే."

సత్తిబాబు అక్కడే నిలబడి ఉన్నాడు. నోరు పెగల్చుకుని, "అమ్మగారూ, అది దానానికి రాలేదండి. మా అక్కదండి. బండి కాలిపోయింది కదండీ, ఆవిడది" అన్నాడు.

ఇక్కడితో కథ అయిపోవాల్సింది. బుద్ధి ఉన్నవాళ్ళయితే, అయ్యో అలాగా అని నన్ను పక్కన పెట్టేవారు. ఇందుమతిగారి మొహం మాత్రం వెలిగిపోయింది. "ఇంకేం మరి. మీ అక్కలాంటి వాళ్ళ కోసమేగా ఈ సంతంతా. మంటల్లో మిగిలిన పెనం. దీన్ని వేలం వేద్దాం. అందరికీ కళ్ళు చెమరుస్తాయి." సత్తిబాబు ఇంకేదో అనబోయాడు. గేటు దగ్గర ఎవరో హారన్ కొట్టారు, పరిగెత్తాడు. ఉద్యోగం పోతుందేమోనని తర్వాత కూడా నోరెత్తలేదు. అతన్ని తిట్టడానికి నాకు మనసు రావడం లేదు గానీ, మెచ్చుకోవడానికి కూడా రావడం లేదు.

మరి శని మాటేమిటి? దానికీ ఇందుమతిగారే దారి చూపించారు. "రంగేస్తే అది ఇనుమెలా అవుతుందండీ? బొమ్మ అవుతుంది. గోడకు తగిలించుకునే బొమ్మకు శనివారమేంటి?" కామేశ్వరిగారు కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, రంగు కింద పసుపు రాస్తే దోషం ఉండదని తీర్పు చెప్పారు. ఇంత చదువుకున్న ఇద్దరు మనుషులు ఇంత తెలివితక్కువ మాటను ఇంత గంభీరంగా ఒప్పుకోవడం నేనెక్కడా చూడలేదు. శనిదేవుడు అంత సులువుగా మోసపోతాడని వాళ్ళకు ఎవరు చెప్పారో.

పనిమనిషిని పిలిచి నన్ను తోమించారు. సబ్బుపొడి వేసి, ఇనప పీచుతో తోమించారు. నలుపు పోలేదని ఉప్పుకాగితం తెప్పించి రుద్దించారు. "ఛీ, ఎన్నేళ్ళ మురికో" అంటూ ఇందుమతిగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నూకరత్నం ఏళ్ళ కష్టం నల్లటి నీళ్ళై కాలవలోకి పోయింది. మంటలు కూడా తీసుకెళ్ళలేనిదాన్ని వాళ్ళు ఒక మధ్యాహ్నం పూట కడిగేశారు. నాకు ఏడవడం రాదు కాబట్టి ఊరుకున్నాను.

తర్వాత పసుపు, దాని మీద తెల్ల రంగు, దాని మీద ఇందుమతిగారి కళ. ఒక పల్లె పడుచు, నెత్తిన కుండ. తల కంటే కుండ పెద్దది. వెనకాల అస్తమించే సూర్యుడు, గుడ్డు పగిలినట్టు. నా వంకర అంచు దగ్గర పడుచు కాలు పట్టలేదని, ఆ కాలే తీసేశారు.

సంత రోజు రానే వచ్చింది. బండ్లు కాలింది చాలామందివే అయినా వేదిక మీద ఒక్క కుర్చీయే వేశారు. పిలవడం తేలిక కాబట్టి వాచ్‌మన్ అక్కనే పిలిచారు. నూకరత్నం తన దగ్గరున్న ఒకే ఒక్క మంచి చీర, ఆకుపచ్చ పట్టంచుది, కట్టుకుని వచ్చింది. ఇందుమతిగారు ఆవిడను చూసి నిరాశ పడ్డారు. "ఇంత మంచి చీరెందుకమ్మా? ఫోటోలో నీ కష్టం తెలియొద్దూ?"

"మంచి చోటికి పిలిచేరు కదాని కట్టుకొచ్చేనండి" అంది నూకరత్నం.

ముఖ్య అతిథి ఆదినారాయణగారు. పాతకాలపు వంటల పేరు చెప్పి పెద్ద హోటలు నడుపుతారు. మట్టి కుండలు గోడకు అంటించి, వంట మాత్రం ఎక్కడో వండించి తెప్పిస్తారట. ఆయన గ్రామీణ జీవితం గురించి, మన అమ్మమ్మల చేతి వంట గురించి చాలాసేపు మాట్లాడారు. జనం టిఫిన్ల వైపు చూస్తూ చప్పట్లు కొట్టారు. తర్వాత నూకరత్నానికి ఒక శాలువా కప్పి, రంగుకాగితం చుట్టిన అట్టపెట్టె చేతిలో పెట్టారు. అందులో ఒక నాన్‌స్టిక్ పెనం. ఇంట్లో ఇద్దరికి అట్లు పోసుకునే సైజు. షామియానా, మైకు, ఫలహారాలు, శాలువాలు పోగా ఇక వాళ్ళ సేవలో మిగిలింది అదే. ఊరికి టిఫిను పెట్టే మనిషికి బొమ్మరిల్లు పెనం ఇచ్చారు.

అప్పుడు నన్ను వేదిక మీదకు ఎక్కించారు. నూకరత్నం మొదట నన్ను గుర్తుపట్టలేదు. ఆ కుంటి పడుచును చూసి మొహం పక్కకు తిప్పుకుంది. ఇందుమతిగారు మైకు పట్టుకుని, "మంటల్లో కాలినా మిగిలిన పెనం" అనగానే తల తిప్పి, నా అంచు చూసింది. తర్వాత తమ్ముడి వైపు చూసింది. సత్తిబాబు చెప్పులు చూసుకుంటున్నాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి వచ్చి నా అంచు పట్టుకుంది.

"ఏంటండి ఇది? ఇది నా పెనవండి."

"అవునమ్మా, నీదే. నీ కోసమేగా అమ్ముతున్నాం. ఎంత అందంగా చేశామో చూడు."

"నా కోసం నా పెనం అమ్మడవేంటండి? రేపు పొద్దున్నే బండెట్టాలండి నేను. అద్దె బండి మాటాడేసేను. పప్పు నానబోసొచ్చేను."

పప్పు మాటకు జనం నవ్వారు. పప్పులో నవ్వాల్సింది ఏముందో వాళ్ళకే తెలియాలి. నూకరత్నం నవ్వులను పట్టించుకోలేదు. "నవ్వులాట కాదండి. ఇన్నాళ్ళు ఖాళీగా ఉంటే ఆ చోటు ఎవరు ఉంచుతారండి? పునుగుల బండోడు అప్పుడే చీపురెట్టి తుడిచేసుకుంటన్నాడు. రేపు నేను పెట్టకపోతే ఎల్లుండి ఆడిదైపోద్ది. ఈ పెనం లేకపోతే నేను ఏం పొయ్యను?"

"కొత్త పెనం ఇచ్చాం కదమ్మా" అన్నారు ఇందుమతిగారు, ఇంకా నవ్వుతూనే, మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి. "కూర్చో. అందరూ చూస్తున్నారు."

ఆవిడ కూర్చోలేదు. నా అంచు వదల్లేదు. ఆ పట్టు నాకు తెలుసు, కాలిన వేళ్ళ పట్టు. సభ గుసగుసలాడింది. ఎవరో ఫోను పైకెత్తారు. సేవ చేయించుకోవలసిన మనిషి ఇలా అడ్డం తిరగడం సంఘం నియమాల్లో లేదు. అప్పుడు ఆదినారాయణగారు లేచి చేతులెత్తారు. "దీన్ని నేను కొంటున్నాను. కొని, ఈ సోదరికే కానుకగా ఇచ్చేస్తున్నాను." షామియానా అంతా చప్పట్లతో మారుమోగింది. ఎవరి వస్తువు వాళ్ళకు ఇవ్వడానికి ఇంత త్యాగం కావాలని నాకప్పటిదాకా తెలియదు.

అంతలో కామేశ్వరిగారు ఆయన చెవి దగ్గరకు వచ్చారు. రంగు వేసినప్పుడు బొమ్మ అయిన నేను, ఇచ్చే వేళకు మళ్ళీ ఇనుమైపోయాను. "చేతికి ఇవ్వకండి. ఇనుము చేతికిస్తే మీకూ మంచిది కాదు. కింద పెట్టండి, ఆవిడే తీసుకుంటుంది." మన ఇళ్ళలో ఉప్పు, నూనె, ఇనుము అలాగే కదా, ఒకరు కింద పెడితే ఒకరు తీసుకుంటారు. ఇద్దరు మనుషులు నన్ను మోసుకొచ్చి ఆదినారాయణగారి కాళ్ళ ముందు పెట్టారు. "వంగి తీసుకో అమ్మా" అన్నారు ఆయన, కెమెరా వైపు చూస్తూ.

నూకరత్నం వంగింది. వంగక ఏం చేస్తుంది? మర్నాడు పేపర్లో ఆ ఫోటో వచ్చింది. అందులో నేను కనిపించను, కుర్చీ అడ్డం వచ్చింది. ఒక ఆడమనిషి ఒక పెద్దమనిషి కాళ్ళ మీద పడ్డట్టు మాత్రం స్పష్టంగా ఉంది. కింద, దాతకు కృతజ్ఞత తెలుపుతున్న బాధితురాలు అని రాశారు. ఓడకు ఉండగానే మునిగిపోయి ఉంటే బాగుండేదని నా బతుకులో మొదటిసారి అనిపించింది.

సంత జరిగిన సాయంత్రమే నూకరత్నం అద్దింటి పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, కొబ్బరి మట్టలు వేసి నన్ను కాల్చింది. పల్లె పడుచు బుడగలు బుడగలుగా లేచి, మాడి, రాలిపోయింది. కంపుకు పక్కిళ్ళవాళ్ళు కిటికీలు మూసుకున్నారు. చింతపండు, ఇటుకపొడి పెట్టి రుద్ది, ఆరాక నా మీద అరచెయ్యి వేసి చూసింది. ఆ చేతికి ఎక్కడా నునుపు తగల్లేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. సంఘం వాళ్ళను ఒక్కొక్కరినీ పేరుపేరునా, పేరు తెలియనివాళ్ళను చీర రంగును బట్టి తిట్టింది. విని నాకు ప్రాణం లేచి వచ్చింది. తర్వాత వెళ్ళి పప్పు రుబ్బుకుంది.

ఆదివారం పొద్దున్నే మందుల షాపు మెట్ల పక్కన బండి పెట్టింది. పునుగులవాడు గుర్రుగా చూసి, కాస్త అవతలికి జరిగాడు. ఇంకా ఎవరూ రాలేదు. కొత్త చుట్టం వచ్చినట్టు ఒక కారు వచ్చి ఆగింది. ఇందుమతిగారు, కామేశ్వరిగారు, వెనకాల సంఘం సభ్యులు ఇంకొందరు. తమ సేవ ఫలించిన దృశ్యాన్ని వీడియో తీసుకోవడానికి వచ్చారు.

"పొయ్యమ్మా, పొయ్యి. మొదటి అట్టు తీస్తాం."

నూకరత్నం నూనె రాసి పిండి తిప్పింది. నేనేం చేయను? నా ఒంటి మీద ఏమీ మిగల్లేదు. పిండి నన్ను కరుచుకుంది. అట్లకాడ పెడితే ముక్కలు ముక్కలుగా చిరిగి, ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా వచ్చింది. చీమిడి ముద్దలా ఉంది. నాకు నిజంగా సిగ్గేసింది. అందరినీ వెక్కిరించే నేను, ఆవిడకు అవసరమైన పూట ఒక్క అట్టు లేపలేకపోయాను.

ఇందుమతిగారు ఫోను దించి, తొంగి చూశారు. "అలా అంటుకుంటోందేమిటమ్మా? పెనం సరిగ్గా తోమలేదా?"

నూకరత్నం అట్లకాడ పట్టుకుని ఆవిడ వైపు తిరిగింది. నేను పెద్ద గొడవ కోసం ఎదురుచూశాను. గొడవ రాలేదు. ఆ ముక్కలన్నీ గీకి ఆకులో వేసి, పక్కన అల్లం పచ్చడి పెట్టి, రెండు చేతులతో అందించింది.

"మీ చేత్తో తోమించిన పెనం కదండీ. మొదటి అట్టు మీదేనండి. తెల్లారగట్ట మొదటి బేరం, కాదనకండి. బోణీ కాదంటే ఇద్దరికీ మంచిది కాదంటారు."

ఇందుమతిగారు కామేశ్వరిగారి వైపు చూశారు, దారి చూపిస్తారేమోనని. బోణీ తిప్పి పంపకూడదన్న సంగతి కామేశ్వరిగారికి కంఠతా వచ్చు. ఆవిడ దారి లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, తినమని సైగ చేశారు. ఇందుమతిగారు డబ్బులిచ్చి, తన సంఘం వాళ్ళందరి మధ్య నిలబడి, రంగు వాసన కొడుతున్న ఆ అట్టు నోట్లో పెట్టుకున్నారు.

"ఎలాగుందండి?"

"బాగుంది" అన్నారు ఆవిడ, నమలకుండా మింగుతూ.

"అయితే కామేశ్వరమ్మగారికి కూడా పోస్తానండి."

పోసింది. అదీ చిరిగింది. దాన్నీ ఆకులో పెట్టి ఇచ్చింది. బోణీ అట్టు అధ్యక్షురాలు తిన్నాక కార్యదర్శి వద్దంటే బాగుండదు. కార్యదర్శి తిన్నాక సభ్యులు వద్దంటే బాగుండదు. ఒక్కొక్కరికీ పోస్తూ, నూనె రాస్తూ, గీకుతూ, మళ్ళీ రాస్తూ నూకరత్నం చెమటలు తుడుచుకోకుండా పని చేసింది. నేను కూడా నా వంతు గట్టిగా పట్టుకున్నాను, ఒక్కదాన్నీ సులువుగా వదల్లేదు. ఆకులు పట్టుకుని, మాడు ముక్కలు నములుతూ, ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు అందరూ. ఆ సంఘం పుట్టాక ఎవరికైనా పనికొచ్చే పని చేసింది ఆ పూటే. నాన్‌స్టిక్ పెనం మాత్రం ఊరికే పోలేదు, చట్నీ గిన్నె మీద మూతగా బాగానే పనికొచ్చింది.

కారు వెళ్ళిపోయేసరికి, వాళ్ళ అట్లకు రాసిన నూనె సెగకు నా మీద పలచటి తొలి పొరగా పట్టింది. ఆ తర్వాత పోసిన అట్టు అంచులు కొంచెం లేచాయి. ఆ తర్వాతది సగం వచ్చింది. ఇంకోటి పోసి అట్లకాడ అంచు కింద పెట్టగానే, అది చిరగకుండా, ఎర్రగా, చంద్రుడిలా లేచి వచ్చింది. అప్పటికి బస్సు దిగిన జనం ముగ్గురు నలుగురు బండి ముందు చేరి, నాకంటే నాకని చెయ్యి చాపుతున్నారు.

నూకరత్నం దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. సంత నాటి మధ్యాహ్నం నుంచి ఆవిడ ఏమీ తినలేదు. ఆ అట్టును చేతిలోనే మడుచుకుని, పచ్చడి కూడా వేసుకోకుండా, జనం చూస్తుండగా నిలబడి మొత్తం తినేసింది.